షేర్ మార్కెట్ సూచీ: పుట్టుపూర్వోత్తరాలు

ప్రతి సాయంత్రం వార్తలలో ఒక అంకె చెబుతారు. "సెన్సెక్స్ నేడు 300 పాయింట్లు పెరిగింది" అంటారు. మర్నాడు "నిఫ్టీ పడిపోయింది" అంటారు. ధాన్యం ధర చెబితే బస్తాకెంతో మనకు తెలుస్తుంది. బంగారం ధర చెబితే తులానికెంతో తెలుస్తుంది. మరి ఈ పాయింటు అనేది ఏమిటి? రూపాయా, శాతమా, తూకమా? చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. అంకె పెరిగితే "మార్కెట్ బాగుందట", తగ్గితే "మునిగిపోయిందట" అనుకుని ఊరుకుంటారు.

"మేము షేర్లు కొనేవాళ్ళం కాదు, మాకెందుకీ గొడవ?" అని పెద్దలు అనవచ్చు. కాని గొడవ మన గుమ్మంలోకి ఎప్పుడో వచ్చింది. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ 2015 ఆగస్టు నుండి తనకు కొత్తగా వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని సెన్సెక్స్, నిఫ్టీ సూచీలను అనుసరించే ఫండ్లలో పెట్టడం మొదలుపెట్టింది. ముందు 5 శాతంతో మొదలై, 2017 నాటికి అది 15 శాతానికి చేరింది. అనగా ఫ్యాక్టరీలోనో ప్రైవేటు కంపెనీలోనో పనిచేస్తూ పి.ఎఫ్. కడుతున్న మన సభ్యులు ఒక్క షేరు కూడా కొనకుండానే ఆ అంకెతో ముడిపడి ఉన్నారు. ఇక కుర్రవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. చేతిలో ఫోను ఉంది, ఫోనులోనే మార్కెట్ ఉంది. కనుక ఈ సూచీ ఎక్కడ పుట్టింది, దాన్ని ఎలా కడతారు, దేనికి వాడుకోవచ్చు, దేనికి వాడుకోకూడదు అన్నది ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం అవసరం.

కాగితం, పెన్సిలు లెక్క

కథ అమెరికాలో మొదలవుతుంది. 1880లలో న్యూయార్కు వాల్ స్ట్రీట్‌లో ఛార్లెస్ డౌ అనే పత్రికా రచయిత ఉండేవాడు. అక్కడ రోజూ కొన్ని షేర్లు పెరిగేవి, కొన్ని తగ్గేవి. "మొత్తం మీద బజారు ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పగలవాడు లేడు. డౌ ఒక తేలిక ఉపాయం ఆలోచించాడు. కొన్ని ముఖ్యమైన కంపెనీలను ఏరి, వాటి షేర్ల ధరలు కూడి, ఎన్ని కంపెనీలో అంతతో భాగిస్తే సగటు వస్తుంది. నేటి సగటును నిన్నటి సగటుతో పోల్చి చూస్తే బజారు పోకడ తెలుస్తుంది.

1884 జూలైలో ఆయన వేసిన మొదటి జాబితాలో 11 కంపెనీలు ఉన్నాయి. వాటిలో 9 రైల్వే కంపెనీలే. ఆ రోజుల్లో అమెరికాలో పెద్ద వ్యాపారం అంటే రైళ్ళే మరి. తరువాత 1896 మే 26న కేవలం పరిశ్రమల కంపెనీలతో మరో జాబితా ప్రకటించాడు. పంచదార, పొగాకు, తోలు, రబ్బరు, బొగ్గు, విద్యుత్ సామాగ్రి వగైరా 12 కంపెనీలు అందులో ఉన్నాయి. పన్నెండింటి ధరలు కూడి 12తో భాగిస్తే 40.94 వచ్చింది. నేటికీ ప్రపంచమంతా చెప్పుకునే డౌ జోన్స్ పారిశ్రామిక సగటు పుట్టింది ఇలాగే. కంప్యూటరు లేదు, పెద్ద శాస్త్రమూ లేదు. చిల్లర కొట్టు చిట్టా లెక్కలాంటిదే.

అయితే ఇంత తేలిక లెక్కలోనూ చిక్కు వచ్చిపడింది. ఉదాహరణకు మూడు కంపెనీలు అనుకోండి. వాటి షేర్ల ధరలు 10, 20, 60 రూపాయలు. కూడితే 90, మూడుతో భాగిస్తే సగటు 30. ఇప్పుడు 60 రూపాయల షేరు గల కంపెనీ ఒక్కో షేరును రెండుగా విడగొట్టింది. పాత షేరు ఒకటి ఉన్నవాడికి ఇప్పుడు 30 రూపాయల షేర్లు రెండు వచ్చాయి. అతనికి లాభమూ లేదు, నష్టమూ లేదు. కాని మన సగటు చూస్తే 10, 20, 30 కలిపి 60, సగటు 20! ఎవరికీ పైసా నష్టం రాకపోయినా సూచీ మూడో వంతు పడిపోయినట్టు కనిపిస్తుంది.

దీనికి కనిపెట్టిన మందు భాజకాన్ని మార్చడం. మూడుతో భాగించే బదులు రెండుతో భాగిస్తే 60కి మళ్ళీ 30 వస్తుంది. సూచీ చెక్కుచెదరదు. 1928లో డౌ జాబితాను 30 కంపెనీలకు పెంచినప్పుడు ఈ పద్ధతి ప్రవేశపెట్టారు. కంపెనీ షేరును విడగొట్టినా, జాబితాలో ఒకదాన్ని తీసి మరొకదాన్ని చేర్చినా భాజకాన్ని సరిచేస్తారు. పాయింటు అంటే రూపాయి ఎందుకు కాదో ఇక్కడ అర్థమవుతుంది. అది ఒక భాగాహారపు ఫలితం మాత్రమే.

సంతలో ఉప్పు, బియ్యం

డౌ పద్ధతిలో ఇంకో లోపం ఉంది. అందులో షేరు ధర ఎంత ఎక్కువైతే ఆ కంపెనీకి అంత పలుకుబడి. చిన్న కంపెనీ అయినా షేరు 500 ఉంటే, మహా పెద్ద కంపెనీ షేరు 50 ఉంటే, చిన్నదాని మాటే పదింతలు చెల్లుతుంది. ఇది న్యాయం కాదు కదా.

మన ఊరి సంత ఆలోచించండి. ఉప్పు ధర రెట్టింపైతే ఇల్లు గడవడంలో పెద్ద తేడా రాదు. బియ్యం ధర రెట్టింపైతే ఇల్లాలికి నిద్ర పట్టదు. ధరల సగటు కట్టేటప్పుడు ఉప్పుకు, బియ్యానికి సమానమైన చోటు ఇస్తే లెక్క తప్పుతుంది. దేనికి ఎంత బరువో అంత ఇవ్వాలి. షేర్లలో ఆ బరువు కంపెనీ మార్కెట్ విలువ. అనగా షేరు ధరను మొత్తం షేర్ల సంఖ్యతో హెచ్చవేయగా వచ్చే మొత్తం. అమెరికాలో స్టాండర్డ్ స్టాటిస్టిక్స్ అనే కంపెనీ 1923లోనే ఈ రకమైన సూచీ ప్రచురించింది. 1957 మార్చిలో అది 500 కంపెనీల సూచీగా మారింది. పేరు ఎస్ అండ్ పి 500. నేడు అమెరికాలో మదుపుదారులు తమ లాభనష్టాలను ఎక్కువగా దీనితోనే పోల్చుకుంటారు.

పద్ధతి మంచిదైతే చాలదు, కూడిక తీసివేతలు కూడా సరిగ్గా ఉండాలి. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజి 1982 జనవరిలో 1000 పాయింట్లతో ఒక కొత్త సూచీని ప్రారంభించింది. షేర్ల వ్యాపారం బాగానే నడుస్తున్నా సూచీ మాత్రం రోజురోజుకూ దిగజారి 1983 నవంబరుకు 524 దగ్గరకు వచ్చింది. ఏమిటా అని పరిశీలిస్తే తెలిసింది: ప్రతి లావాదేవీకీ కంప్యూటరు సూచీని మళ్ళీ లెక్కగట్టి, మూడో దశాంశ స్థానం తరువాతి అంకెలను కొట్టివేస్తోంది. దగ్గరి అంకెకు సవరించడం లేదు, ఊరికే కోసేస్తోంది. రోజుకు సుమారు మూడు వేల సార్లు జరిగే ఈ కోత రెండేళ్ళలో సూచీని సగం తినేసింది. సరిచేసిన మర్నాడు అదే సూచీ 1098 అయి కూర్చుంది. చిన్న చిల్లర అని వదిలేస్తే హిసాబు ఎంత తారుమారు అవుతుందో దుకాణం నడిపే మనవాళ్ళకు వేరే చెప్పాలా?

బొంబాయి కథ

మన దేశంలో షేర్ల వ్యాపారం పాతదే. బొంబాయి బ్రోకర్లు 1875లో సంఘంగా ఏర్పడ్డారు. అదే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి. కాని దానికంటూ అందరూ గుర్తుపట్టే సూచీ రావడానికి మరో 111 సంవత్సరాలు పట్టింది. అంతకుముందు రిజర్వు బ్యాంకు, కొన్ని ఆర్థిక పత్రికలు సూచీలు కట్టేవి. 1986 జనవరిలో ఎక్స్ఛేంజి 30 కంపెనీలతో తన సొంత సూచీని మొదలుపెట్టింది. "సెన్సిటివ్ ఇండెక్స్" అన్న రెండు మాటలు కుదించగా సెన్సెక్స్ అన్న పేరు నిలిచింది.

దాని లెక్క ఇది. 1978-79 సంవత్సరంలో ఆ కంపెనీల మొత్తం మార్కెట్ విలువను 100 అనుకున్నారు. తరువాత ఆ విలువ రెండున్నర రెట్లయితే సూచీ 250. పది రెట్లయితే 1000. సెన్సెక్స్ మొదటిసారి 1000 తాకింది 1990 జూలైలో. 1992 ఏప్రిల్ మొదట్లో 4400 దాటింది. రెండేళ్ళు కూడా నిండలేదు, నాలుగింతలైంది! దేశమంతా పండగ చేసుకుంది. ఆ పెరుగుదల వెనుక బ్యాంకుల సొమ్మును దొడ్డిదారిన షేర్లలోకి మళ్ళించిన హర్షద్ మెహతా వ్యవహారం ఉందని అదే నెలలో బయటపడింది. ఏప్రిల్ 28న ఒక్క రోజులో సెన్సెక్స్ సుమారు 12 శాతానికి పైగా పడిపోయింది. సూచీ అబద్ధం చెప్పలేదు. ధరలు ఎంతున్నాయో అంతే చెప్పింది. ఆ ధరలు ఎందుకు పెరిగాయో చెప్పడం దాని పని కాదు.

అప్పట్లో లెక్కలో మొత్తం షేర్లన్నీ తీసుకునేవారు. కాని ఒక కంపెనీలో నూటికి తొంభై షేర్లు యజమాని కుటుంబం దగ్గరో ప్రభుత్వం దగ్గరో ఉండిపోతే, బజారులో చేతులు మారేవి పది మాత్రమే. ఆ పదింటి ధర పెరిగినంత మాత్రాన తొంభై షేర్ల బరువు కూడా సూచీ మీద మోపడం సబబు కాదని 2003 సెప్టెంబరు నుండి పద్ధతి మార్చారు. బజారులో నిజంగా అమ్మకానికి దొరికే షేర్ల విలువనే లెక్కలోకి తీసుకుంటారు. దీన్ని ఫ్రీ ఫ్లోట్ పద్ధతి అంటారు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి 1996లో తెచ్చిన 50 కంపెనీల నిఫ్టీ సూచీ కూడా 2009లో ఇదే దారికి వచ్చింది. నిఫ్టీకి 1995 నవంబరు 3వ తేదీ విలువను 1000 అనుకున్నారు. సెన్సెక్స్ అంకె పెద్దది, నిఫ్టీ అంకె చిన్నది అయినంత మాత్రాన ఒకటి గొప్ప, ఒకటి తక్కువ కాదు. మొదలుపెట్టిన సంవత్సరం, మొదటి అంకె వేరు, అంతే. పాయింట్లు కాక శాతం ఎంతో చూడాలి.

జాబితాలో ఉన్నవారు, లేనివారు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 1979లో 100 అనుకున్న సెన్సెక్స్ 2024 జూలైలో 80,000 దాటింది. 45 ఏళ్ళలో 800 రెట్లు. ఏటా సుమారు 16 శాతం చొప్పున పెరిగినట్టు. ఇది చూపించి "షేర్లు కొని పడేసి ఉంటే లక్షాధికారి అయ్యేవాడివి" అని ఏజెంట్లు చెబుతారు. ఈ మాటలో సగమే నిజం.

ఎందుకంటే ఆ 30 కంపెనీలు అవే 30 కంపెనీలు కావు. మొదటి జాబితాలో అంబాసిడర్ కార్లు చేసిన హిందుస్థాన్ మోటార్స్ ఉంది. ప్రీమియర్ పద్మిని కార్లు చేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఉంది. బాంబే డయింగ్ ఉంది. ఒకప్పుడు ఆ కారు వాకిట్లో ఉంటే ఆ ఇంటి హోదాయే వేరు. కాలం మారింది, కంపెనీలు వెనకబడ్డాయి, జాబితాలోంచి పేర్లు పోయాయి. వాటి స్థానంలో కంప్యూటరు కంపెనీలు, ప్రైవేటు బ్యాంకులు వచ్చాయి. అమెరికాలోనూ అంతే. డౌ 1896లో ఏరిన 12 కంపెనీలలో ఒక్కటీ నేడు ఆ జాబితాలో లేదు. చివరకు మిగిలిన జనరల్ ఎలెక్ట్రిక్‌ను కూడా 2018లో తీసేశారు.

మన హైదరాబాదు ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. సత్యం కంప్యూటర్స్ సెన్సెక్స్‌లోనూ నిఫ్టీలోనూ ఉన్న కంపెనీ. తెలుగువారు గర్వంగా చెప్పుకున్న కంపెనీ. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు, ఖాతాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని లేఖ రాశాడు. ముందురోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల దగ్గరకు పడింది. సెన్సెక్స్ కూడా ఆ ఒక్కరోజే 7 శాతానికి పైగా పడింది. కొద్ది రోజులలోనే సత్యాన్ని రెండు సూచీలలోంచీ తొలగించారు. సెన్సెక్స్‌లో దాని స్థానంలో సన్ ఫార్మా వచ్చింది. భాజకం సరిచేశారు. లెక్క సాఫీగా ముందుకు సాగింది.

ఆ ఏడాది మొదట పది వేల దగ్గర ఉన్న సెన్సెక్స్ డిసెంబరు ఆఖరుకు 17,000 దాటింది. పత్రికలు "మార్కెట్‌కు మహర్దశ" అని రాసే స్థితి. కాని కూతురి పెళ్ళికని, ఇంటి స్థలానికని దాచిన సొమ్మంతా సత్యం షేర్లలో పెట్టిన కుటుంబానికి ఆ మహర్దశ ఎక్కడిది? సూచీకి కొత్త కంపెనీ దొరికింది, ఆ కుటుంబానికి కొత్త సొమ్ము దొరకలేదు. ఓడినవాణ్ణి పక్కన పెట్టి, గెలుస్తున్నవాణ్ణి తెచ్చుకోవడం సూచీ స్వభావంలోనే ఉంది. ఒక్క కంపెనీ షేరు పట్టుకుని కూర్చున్నవాడు తన లాభం సూచీలాగా ఉంటుందని అనుకుంటే మోసపోతాడు.

మూడు రకాల వాడకం

సూచీని మదుపుదారులు మూడు విధాలుగా వాడతారు. మొదటిది కొలబద్దగా. మీ సొమ్ము తీసుకున్న మ్యూచువల్ ఫండు ఏడాదికి 10 శాతం తెచ్చిందని సంతోషిస్తారు. అదే ఏడాది సూచీ 14 శాతం పెరిగి ఉంటే, ఆ ఫండు నడిపేవారికి ఇచ్చిన రుసుము దండగే కదా. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వార్తలలో చెప్పే సూచీలో కంపెనీలు పంచే డివిడెండు కలవదు. అందుచేత ఫండ్లు తమను తాము పోల్చుకునేటప్పుడు డివిడెండు కూడా కలిపిన సూచీతోనే పోల్చుకోవాలని సెబీ 2018 ఫిబ్రవరి నుండి నియమం పెట్టింది. అంతకుముందు ఫండ్లకు పోటీ కాస్త సులువుగా ఉండేది.

రెండోది సూచీనే కొనడం. అమెరికాలో జాన్ బోగుల్ 1976లో ఒక ఫండు పెట్టాడు. అందులో తెలివితేటల పని లేదు, సూచీలో ఏ కంపెనీ ఎంత బరువులో ఉంటే అంతే కొని ఉంచడం. 15 కోట్ల డాలర్లు వస్తాయనుకుంటే 1 కోటి 13 లక్షలే వచ్చాయి. అందరూ నవ్వారు, "బోగుల్ పిచ్చి" అన్నారు. నేడు ఆ రకం ఫండ్లలో లక్షల కోట్ల డాలర్లు ఉన్నాయి. ఖర్చు తక్కువ, ఒక కంపెనీ కూలితే మొత్తం పోదు. మన పి.ఎఫ్. సంస్థ పెడుతున్నదీ ఇటువంటి ఫండ్లలోనే. అయినా ఓపిక కావాలి. డౌ సూచీ 1929లో 381 ఉండగా 1932లో 41కి పడి, మళ్ళీ పాత స్థాయికి రావడానికి 1954 వరకు పట్టింది. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు నాటి శిఖరాన్ని మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. 34 ఏళ్ళు! రెండేళ్ళలో కావలసిన సొమ్ము అక్కడ పెట్టకూడదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మూడోది పందెం. 2000 జూన్ నుండి మన దేశంలో సూచీ పైన ఫ్యూచర్స్, తరువాత ఆప్షన్స్ వచ్చాయి. పెద్ద మదుపుదారులు తమ షేర్లకు రక్షణగా వాడుకునేందుకు పుట్టిన సాధనం ఇది. మన కుర్రవాళ్ళ చేతిలో మాత్రం ఇది కాయ్ రాజా కాయ్ ఆటగా మారింది. సెబీ 2024 సెప్టెంబరులో లెక్కలు బయటపెట్టింది. 2021-22 నుండి మూడు సంవత్సరాలలో ఈ వ్యాపారం చేసిన కోటికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఇంట్లో కుర్రవాడు "నిఫ్టీ ఆప్షన్ తీసుకున్నా" అంటే, సూచీలో మదుపు చేశాడని పొరబడకండి. రెంటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం.

మన సభ్యులలో కొందరు అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. వడ్డీ వ్యాపారం, మద్యం, జూదం లేని సూచీ ఉందా అని. ఉంది. డౌ జోన్స్ సంస్థ 1999లో ఇస్లామిక్ మార్కెట్ సూచీని, బొంబాయి ఎక్స్ఛేంజి 2010 డిసెంబరులో తాసిస్ షరియా 50 సూచీని తెచ్చాయి. కట్టే పద్ధతి అదే, జాబితా వేరు. బ్యాంకులను, మద్యం కంపెనీలను, అప్పుల భారం మితిమీరిన కంపెనీలను ముందే వడబోస్తారు. నిఫ్టీ బరువులో సుమారు మూడో వంతు బ్యాంకులు, ఆర్థిక సంస్థలదే. కనుక బ్యాంకులు బాగా పెరిగిన ఏడు ఇటువంటి సూచీ వెనకబడుతుంది, బ్యాంకులు పడిన ఏడు నిలదొక్కుకుంటుంది. ధర్మసందేహం ఉన్నవారు ఉలేమాలను అడగాలి. లెక్క సందేహం ఉన్నవారు జాబితా తెప్పించుకుని చూడాలి.

ఛార్లెస్ డౌ పన్నెండు పేర్లు కాగితం మీద రాసిన నాటికీ నేటికీ మూల సూత్రం మారలేదు. సూచీ అంటే కొందరు మనుషులు ఏరిన ఒక జాబితా, ఆ జాబితాకు వేసిన ఒక లెక్క. ఈసారి వార్తలలో ఆ అంకె విన్నప్పుడు ఇంట్లో పిల్లలను నాలుగు మాటలు అడగండి. జాబితాలో ఎవరున్నారు? ఎవరికి ఎంత బరువు? ఎవరిని తీసేశారు? మన సొమ్ము అక్కడ ఎన్నేళ్ళు ఉండగలదు? నాలుగింటికీ జవాబు చెప్పగల పిల్లవాడికి కష్టార్జితం అప్పగించవచ్చు. చెప్పలేకపోతే అంతవరకు ఆ సొమ్ము పెట్టెలోనే ఉండనివ్వండి.